ఇరవై ఐదో భాగానికి మార్కులు

రెండు టిక్కులు పడ్డాయి, ఇంకా నీలం కాలేదు. ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలు. షట్టర్ సగానికి దించేసి ఓనరుగారు భోజనానికి వెళ్ళారు, రెండింటికి గాని రారు. ఈలోగా ఎవరైనా వంగి తొంగిచూస్తే తర్వాత రమ్మనడం, ట్రేలో ఉన్న మూడు జతల కళ్ళద్దాలు అరగదీసి ఫ్రేముల్లో ఎక్కించడం నా పని. మొదటి జత సానచక్రం మీద పెట్టాను. నీళ్ళు సన్నగా పడుతున్నాయి, అద్దం అంచు జీరుమంటోంది, నా చూపు మాత్రం బల్ల మీది ఫోన్‌ని వదలడం లేదు. ఇలా పరధ్యానంగా అరగదీస్తే అద్దం వదులై, పెట్టుకున్న మనిషి తుమ్మితే ఊడి పడుతుంది. పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆపేశాను. తడి చేతులు గుడ్డకి తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నాను. పంపేశాను కదా, ఇంక చూసేదేముంది. కానీ ఉంది. పంపిన ఫోటో మీద వేలు కాసేపు నొక్కి పెడితే, ఇద్దరికీ చెరిపెయ్యమంటారా అని అడుగుతుంది. తమ్ముడు చూడనంతసేపూ ఆ దారి తెరిచే ఉంటుంది. ఇదొక దిక్కుమాలిన సదుపాయం. పూర్వం ఉత్తరం డబ్బాలో వేస్తే చెయ్యి బయటికి తీసుకుని ఏడవడం తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

పంపింది నోటుబుక్కులో ఒక పేజీ. ఇరవై ఐదో భాగం మీద నేను రాసుకున్న సమీక్ష. సమీక్ష అంటే పెద్దమాట లెండి. నాలుగు నెలల క్రితం ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే మా చిన్నప్పటి సీరియల్ కనబడింది, ఎవరో పుణ్యాత్ముడు పాత టేపుల్లోంచి ఇరవై ఆరు భాగాలూ ఎక్కించి పెట్టాడు. రైల్వేస్టేషన్లో పోయిన సామాన్ల ఆఫీసు కథ. వారానికో వస్తువు, ఒకసారి గొడుగు, ఒకసారి ఒంటి బూటు, దాని సొంతదారు దొరికితే ఆ వారానికి కథ అయిపోయేది. నాకు పదిహేడేళ్ళు, తమ్ముడికి పదకొండు. అంతకంటే గొప్ప కథ లోకంలో లేదనుకునేవాళ్ళం. ఇప్పుడు చూస్తే తలుపు వేసినప్పుడల్లా ఆఫీసు గోడ ఊగుతోంది. పూలగౌను వేసుకున్న ఒకావిడ ఆరు భాగాల్లో అదే బెంచీ మీద అదే బండి కోసం కూర్చునుంటుంది, పాపం ఆవిడ బండి ఈ జన్మకి రాదు. ఇవన్నీ ఎవరికైనా చెప్పాలనిపించింది, ఎవరూ లేక రాసుకున్నాను. షాపులో వాడకం మానేసిన ఆర్డరు పుస్తకం ఒకటి దొరికింది. పేజీకి రెండు గడులు, కుడి కన్ను, ఎడమ కన్ను. కుడి కన్ను గడిలో అప్పుడు ఏమనుకున్నానో రాశాను, ఎడమ కన్ను గడిలో ఇప్పుడు ఏం కనిపిస్తోందో రాశాను. అడుగున పదికి ఎన్ని మార్కులో వేశాను. కుడికీ ఎడమకీ ఏ రోజూ పొత్తు కుదరలేదు.

మార్కుల అలవాటు కూడా అప్పటిదే. గురువారం సాయంత్రం తమ్ముడికి లెక్కల ట్యూషన్, అందుకని వాడు శనివారం పొద్దున మళ్ళీ వేసినప్పుడు చూసేవాడు. నేను గురువారమే చూసేసేదాన్ని. అంతకుముందు నా నోట్లో నువ్వుగింజ నానేది కాదని పేరు. మొదటివారం గుమ్మంలోనే వాడికి కథంతా చెప్పేశాను, వాడు సంచీ అక్కడే పడేసి ఎంత ఏడ్చాడంటే, నాన్న లేచి వచ్చి మా ఇద్దరికీ చట్టం చేశారు. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పకూడదు. చెప్పడం అంటే అవతలివాళ్ళ ముద్ద లాక్కోవడమే అన్నారు. ఆ తర్వాత వాడు ట్యూషన్ నుంచి వస్తూనే చెవులు మూసుకుని "చెప్పకు, చెప్పకు, మార్కులు ఒక్కటే చెప్పు" అనేవాడు. నేను వాడి అరచేతిలో వేలితో అంకె రాసేదాన్ని. తొమ్మిది రాస్తే వాడికి రెండ్రోజులు నిద్ర పట్టేది కాదు. ఆ రెండ్రోజులూ నేను మహారాణిని. అన్నాల దగ్గర వాడు నా మొహంలో ఏమన్నా దొరుకుతుందేమోనని వెతికేవాడు, నేను మజ్జిగ పోసుకుంటూ ఏమీ ఎరగనట్టు కూర్చునేదాన్ని. "నా కూతురు గట్టిది, నెత్తిన పిడుగు పడ్డా నోరు విప్పదు" అని నాన్న మురిసిపోయేవారు. ఆ మెప్పు నాకు ఒంటబట్టింది. మా ఇంట్లో ప్రేమ అంటే అదే అయి కూర్చుంది. తెలిసింది కడుపులో పెట్టుకోవడం.

నీలం కాలేదు. తమ్ముడు పనిచేసే ఓడల మరమ్మతు యార్డులో ఈ వేళకి వాళ్ళకీ భోజనాలే, కానీ వాడు ఫోన్ లాకరులో పెట్టి ఇంజన్ కిందికి దూరితే ఏ రెండున్నరకో బయటికొస్తాడు. మొదటి పేజీ పంపినరోజూ ఇలాగే చూశాను. ఏమీ రాయలేదు, వట్టి ఫోటో. తొమ్మిదేళ్ళుగా మా మాటలు ఎవరి పెళ్ళిలోనో ఎదురుపడితే "బాగున్నావా", "ఆఁ, నువ్వు", అంతే. తోడబుట్టినవాళ్ళం, బస్‌స్టాపులో పరిచయమైన వాళ్ళలా మాట్లాడుకుంటాం. ఆ ఫోటో పంపి నాలుక కరుచుకున్నాను. రెండ్రోజులకి జవాబు వచ్చింది. ఒక అంకె. ఏడు. వాడూ చూశాడన్నమాట. ఈ షాపులో, ఇదే స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే, కంటి పరీక్షకొచ్చిన పెద్దాయన "చుక్కలు వేశారా అమ్మా మీక్కూడా" అని అడిగాడు. అక్కణ్ణుంచి వారానికి రెండు పేజీలు, రెండు అంకెలు. నేను ఎనిమిది వేస్తే వాడు ఆరు, నేను నాలుగు వేస్తే వాడు పోట్లాటకి తొమ్మిది. పదకొండో భాగం దగ్గర అంకె పక్కన మాట వచ్చింది. "6. గోడ ఊగింది చూశావా." ఆ ఒక్క వాక్యం వందసార్లు చదివాను.

పోయిన ఆదివారం ఇంకోటి వచ్చింది. "26 నువ్వొక్కదానివే చూడకు. వచ్చే ఆదివారం వస్తున్నా. కలిసి చూద్దాం." ఇరవై ఆరో భాగం వాడు ఇప్పటిదాకా చూడలేదు. అప్పట్లో ఆ శనివారం కరెంటు పోయింది, మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు. మొదటి భాగం నుంచీ అలమర మీద ఒక ఎర్రపెట్టె ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు, చివరి భాగంలో తెరుస్తారు. అందులో ఏముందో చెప్పనా అంటే వాడు ఒప్పుకోలేదు, ఎప్పుడో ఒకప్పుడు చూస్తానన్నాడు. ముప్ఫై మూడేళ్ళు. నా పెళ్ళిలో కూడా, నేను బండెక్కుతుంటే కిటికీ దగ్గరికొచ్చి "ఎర్రపెట్టె సంగతి బావకి కూడా చెప్పకే" అన్నాడు. అలాంటివాడు ఇప్పుడు వస్తానంటున్నాడు, తొమ్మిదేళ్ళ తర్వాత నా గడప తొక్కుతానంటున్నాడు. సోమవారం కర్టెన్లు ఉతికాను. మంగళవారం సోఫా జరిపి కింద ఊడ్చాను. నిన్న ఇరవై ఐదో భాగం పెట్టుకుని కూర్చున్నాను, ఆదివారానికి ఆ ఒక్క పేజీయే బాకీ.

ఇరవై ఐదు నాకు ప్రాణం. ఆఫీసులో పోయిన సామాన్లన్నీ పుస్తకంలో ఎక్కించే ఒకావిడ ఉంటుంది, మేము రిజిస్టరమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆ భాగంలో ఒక తాత బండిలో చేతికర్ర మరిచిపోయి రోజూ వచ్చి అడుగుతుంటాడు. కర్ర ఎక్కడా దొరకలేదు. కానీ ఆవిడకి ఆ మాట చెప్పడానికి నోరు రాదు. "బండెక్కించారు తాతగారూ, రేపు దిగుతుంది" అంటుంది. రేపు వస్తే మళ్ళీ రేపంటుంది. తాత బెంచీ మీద కూర్చుని వచ్చిన ప్రతి బండినీ చూస్తూ, చూస్తూ, ఒకరోజు రాడు. పదిహేడేళ్ళప్పుడు దీనికి పదికి పది ఇచ్చాను. ఆవిడ మంచితనానికి వెక్కి వెక్కి ఏడ్చాను, మనిషన్నాక ఇలా ఉండాలి అనుకున్నాను. కుడి కన్ను గడిలో అదే రాశాను. ఎడమ కన్ను గడి దగ్గరికొచ్చేసరికి పెన్ను కదల్లేదు. తెర మీద తాత మెడ చాచి పట్టాల వైపు చూస్తున్నాడు, నాకు ఆ మెడ తెలుసు.

తొమ్మిదేళ్ళ క్రితం నాన్నని ఒక శనివారం ఆస్పత్రిలో చేర్చాం, అమ్మ అప్పటికే లేదు. ఆదివారం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి రెండు మూడు రోజులు అన్నాడు. తమ్ముడు ఎనిమిది గంటల రైలు దూరంలో ఉన్నాడు, బుధవారం వాడికి లైసెన్సు పరీక్ష. రెండుసార్లు తప్పాడు, మూడోదే ఆఖరు, అది గట్టెక్కితే బాగుచేసిన ఇంజన్‌ని తన సంతకం మీదే బయటికి వదలొచ్చు. ఆదివారం సాయంత్రం వాడే ఫోన్ చేశాడు. "నాన్నకెలా ఉంది?" "పరవాలేదురా, నువ్వు చదువుకో." అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. గురువారం చెప్దాం, పరీక్ష అయ్యాక చెప్దాం, ఇప్పుడు చెప్పడమంటే వాడి ముద్ద లాక్కోవడమే. నేను దాచినదాంట్లో వాడికి తెలిసింది ఇంతవరకే. మంగళవారం సాయంత్రం నాన్న పోయాక రమ్మని చెప్పాను, వాడు తెల్లారి దిగాడు. పరీక్ష రాయలేదు, నాన్నని చూడలేదు, రెంటికీ చెడిన రేవడి చేశాను వాణ్ణి. ఈరోజుకీ ఇంకొకడి సంతకం కిందే పనిచేస్తున్నాడు. ఆరోజు నలుగురి ముందూ "ఇదేమన్నా సీరియలా అక్కా, శనివారందాకా దాచడానికి" అన్నాడు. నేను తల వంచుకున్నాను. పరీక్ష కోసమే పాపం అని పక్కవాళ్ళు నన్నే వెనకేసుకొచ్చారు. నేనూ నాకు అదే చెప్పుకున్నాను. తొమ్మిదేళ్ళు అదే చెప్పుకున్నాను.

అందులో సగం నిజం. మిగతా సగం వెగటుగా ఉంటుంది. ఆ మూడు రోజులూ ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ వరండాలో నడుస్తుంటే, ఏడుస్తున్నా సరే, గురువారం రాత్రి అన్నాల దగ్గర కూర్చున్న ఆ మహారాణి నాలో ఒక మూల కూర్చునే ఉంది. నాకు తెలుసు, నీకు తెలియదు. నాన్నకి నేనున్నాను, నీకు తర్వాత చెప్తాను. ఇది ఎవరితో అనగలను. ఇవాళ పన్నెండున్నరకి, ఓనరుగారు ఇంకా కౌంటర్లో ఉండగానే, లోపల పరీక్ష గదిలో అక్షరాల బోర్డు కింద కూర్చుని ఎడమ కన్ను గడి నింపాను, గడి చాలక మార్జిన్‌లోకి కూడా పోయింది.

"నాన్నకి తెలివి లేదని నీకు చెప్పాను. అబద్ధం. మంగళవారం సాయంత్రం వరకూ తెలివిలోనే ఉన్నారు. సోమవారం పొద్దున, వాణ్ణి రమ్మన్నావా అని అడిగారు. రమ్మన్నానన్నాను. మధ్యాహ్నం, బయల్దేరాడా అన్నారు. బయల్దేరాడు నాన్నా అన్నాను. అక్కణ్ణుంచి గంటకోసారి ఎక్కడిదాకా వచ్చుంటాడే అని అడిగేవారు. నేను స్టేషన్ల పేర్లు చెప్పేదాన్ని. స్టేషన్లు అయిపోతే బండి ఆగిపోయిందన్నాను, ముందు ఇంకో బండి పట్టాలు తప్పిందన్నాను. ఒకటిన్నర రోజు లేని రైలు నడిపాను. మంగళవారం మధ్యాహ్నం ఇంక రెండు స్టేషన్లే అన్నాను. అప్పుడు, వాడొచ్చేసరికి ఈ మొహమేమిటి అని గడ్డం గీసుకున్నారు. తలుపు వైపు తిరిగి పడుకున్నారు. నీకు అప్పుడు ఫోన్ చేసినా లాభం లేదని నాకు తెలుసు, అయినా చెయ్యాల్సింది. ఆదివారం చెయ్యాల్సింది. నువ్వు ఆదివారం వస్తే ఇది నోట్లో పెట్టుకుని నీ పక్కన కూర్చోలేను."

మార్కుల గడి ఖాళీగా వదిలాను. ఫోటో మసగ్గా వచ్చింది, మళ్ళీ తీశాను. మసగ్గా ఉంటే ఏమైంది, చదవలేకపోతే బాగుండు అనుకుంటూనే మళ్ళీ తీశాను, మనిషి బుద్ధి చూడండి. పంపాక ఓనరుగారు "ఒంట్లో బాగోలేదా" అన్నారు. బాగానే ఉందన్నాను. ఈ మాట నాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఒంటిగంట ఇరవై రెండు. చెరిపేస్తే? ఆదివారం వాడొస్తాడు. సోఫాలో ఆ చివర వాడు, ఈ చివర నేను, ఎర్రపెట్టె తెరుచుకుంటుంది, వాడు నా వైపు తిరిగి ఇన్నేళ్ళు ఇది ఎలా దాచావే అంటాడు, నవ్వుతాం. ఆ నవ్వు కోసం తొమ్మిదేళ్ళు ముఖం వాచి ఉన్నాను. నోరు మూసుకుంటే చాలు. పోయినాయన ఎలాగూ పోయారు, వాడు పరీక్ష గురించి కోపాన్ని ఎలాగో మింగాడు, ఇప్పుడు ఈ కొత్త పుండు ఎవరి సుఖానికి? వాడి సుఖానికా, నా సుఖానికా? చెప్పడం కూడా ఒక స్వార్థమేనేమో, నా బరువు తీసి వాడి నెత్తిన పెట్టి నేను తేలిగ్గా నిద్రపోవడమేనేమో. వేలు ఫోటో మీద పెట్టాను. నొక్కి పెడితే తెర మీద ఆ ప్రశ్న వచ్చింది, ఇద్దరికీ చెరిపెయ్యమంటారా. షట్టర్ కింద నుంచి ఒక తల వంగి, "ఫ్రేము స్క్రూ ఊడిందండీ, ఒక్క నిమిషం" అంది. రెండింటికి రండి అన్నాను. "ఒక్క స్క్రూయేగా" అన్నాడాయన. లేచి వెళ్ళి బిగించి ఇచ్చాను. వెనక్కి వచ్చేసరికి టిక్కులు నీలంగా ఉన్నాయి.

చూశాడు. ఇంక నా చేతిలో ఏమీ లేదు. వాడి పేరు కింద టైప్ చేస్తున్నట్టు చూపించింది. ఆగిపోయింది. మళ్ళీ చూపించింది. అంకె వెయ్యడానికి ఇంతసేపు పట్టదు. సున్నా వేస్తాడు, వెయ్యనీ. రానంటాడు. రాకపోతే కర్టెన్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. చక్రం దగ్గర నీళ్ళు ఇంకా చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి, కుళాయి కట్టెయ్యాలి, లేవలేకపోతున్నాను. ఒంటిగంట ముప్ఫై, నలభై. మూడుసార్లు టైప్ చేస్తున్నట్టు చూపించి మూడుసార్లూ ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు. లంచ్ అయిపోయి ఇంజన్ కిందికి వెళ్ళిపోయుంటాడు, అక్కడ చీకట్లో ఒక్కడూ దాన్ని నములుతుంటాడు అనుకున్నాను. వాణ్ణి మళ్ళీ పని మధ్యలో ఇలా చేశాను, చూడు, మంచి వేళ నాకు ఎప్పుడూ తెలియదు.

ఫోన్ మోగింది. మెసేజ్ కాదు, మోగుతోంది. తొమ్మిదేళ్ళలో ఆ పేరు మీద ఇది మోగలేదు.

"అక్కా."

"ఆఁ."

వెనక సుత్తి దెబ్బలు. ఏదో తలుపు వేసుకున్నాడు, చప్పుడు తగ్గింది.

"చదివాను."

తిట్టు, తిట్టరా, అనుకుంటున్నాను.

"గడ్డం తనే గీసుకున్నారా?"

"ఆఁ. తనే."

"నేనొచ్చాక చెంప మీద చెయ్యి వేశాను. నున్నగా ఉంది," అన్నాడు. "నువ్వు గీయించావనుకున్నాను. నేను చూసేసరికి నాన్న మొహం నాన్న మొహంలా ఉండాలని, అంత దుఃఖంలోనూ గుర్తుపెట్టుకుని చేయించావనుకున్నానే. నీ మీద మండిపోయినప్పుడల్లా అదొక్కటి తలుచుకునేవాణ్ణి. ఈ తొమ్మిదేళ్ళూ అదొక్కటే ఉంది నాకు, నీ తరఫున చెప్పుకోవడానికి. మొన్న వస్తానన్నది కూడా దాని మీదే."

వాడు నా కోసం దాచుకున్నది అంటూ ఒకటుందని నాకు తెలియనే తెలియదు. అడగకుండా, ఎవరికీ చెప్పకుండా వాడూ ఒకటి కడుపులో పెట్టుకున్నాడు, దాన్ని నేను ఇవాళ నా చేత్తో లాగేశాను. కాదురా, నేనే గీయించాను, పేజీలో ఏదో తప్పు రాశాను అనెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తొందరగా వచ్చిందో చూసి నాకే భయమేసింది.

"ఆయనకి చెయ్యి వణికేది కదా," అన్నాడు వాడు, గొంతు చాలా మెల్లగా ఉంది. "అద్దం ఎవరు పట్టుకున్నారు?"

"నేనేరా," అన్నాను.